ముప్పై ఆరు అంగుళాల పనితనం

904.4 అనే నిబంధన చదవడానికి రెండు నిమిషాలు చాలు. అమెరికా న్యాయశాఖ 2010 సెప్టెంబర్ 15న వెలువరించిన భవన ప్రమాణాల్లో, భోజనం బల్లల సంగతీ బెంచీల సంగతీ అయ్యాక అది వస్తుంది. షాపులో సరుకు అమ్మే కౌంటరూ, వాపసులూ ఫిర్యాదులూ చూసే కస్టమర్ సర్వీస్ కౌంటరూ చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లకు ఎలా అందాలో అందులో రాశారు. కౌంటరు పైబల్లలో కనీసం 36 అంగుళాల పొడవున ఒక భాగం నేల నుంచి 36 అంగుళాల ఎత్తు దాటకుండా ఉండాలి. దాన్ని ఆనుకుని కుర్చీ నిలిచేంత ఖాళీ నేల ఉండాలి. స్థూలంగా ఇంతే.

ఇంత పొడిపొడి మాటల్లో మెచ్చుకోవడానికి ఏముందని అడగొచ్చు. నాకైతే చాలా కనిపిస్తుంది. ఇందులో ప్రతి అంకె వెనకా కుర్చీలో కూర్చున్న మనిషి ఒకరున్నారు. ప్రతి షరతు వెనకా, చట్టాన్ని మొక్కుబడిగా పాటించి చేతులు దులుపుకుందామని చూసే షాపు యజమాని ఒకడున్నాడు. మొదటి మనిషికి చోటు చెయ్యాలి, రెండో మనిషికి సందు దొరక్కూడదు. రాసినవాళ్లు ఈ రెండు పనులూ పదిహేను వాక్యాల్లోపు ముగించారు. అందుకే దీన్ని పనితనం అంటున్నాను.

మామూలు కౌంటరు నిలబడ్డ మనిషి కోసం పుట్టిన వస్తువు. సర్వీస్ కౌంటర్లను చాలాచోట్ల 42 అంగుళాల ఎత్తున కడతారు. మోచేతులు ఆనించడానికీ, పర్సు తీసి పెట్టుకోవడానికీ, నిలబడే సంతకం గీకెయ్యడానికీ ఆ ఎత్తు హాయిగా ఉంటుంది. 1991 నాటి ప్రమాణాల అనుబంధంలో పెద్దవాళ్ల చక్రాల కుర్చీ బొమ్మ ఒకటుంది, కొలతలతో సహా. సీటు ఎత్తు 19 అంగుళాలు. ఒడి 27. వెనక నుంచి తోసే పిడులు 36. కూర్చున్న మనిషి కళ్లు 43 నుంచి 51 అంగుళాల మధ్య. ఈ కొలతల్ని 42 అంగుళాల కౌంటరు పక్కన పెట్టి చూడండి. కాస్త పొట్టిగా ఉన్నవాళ్లకు బల్ల అంచు కళ్లకు సమానంగా వస్తుంది. అవతల క్యాషియర్ ముఖం కనిపిస్తుంది గానీ చేతులు కనిపించవు. చిల్లర ఎక్కడ పెట్టిందో, రశీదు మీద ఎంత వేసిందో తెలీదు. సంతకం చెయ్యమంటే కాగితం ఒళ్లోకి తెచ్చుకోవాలి. వెంట ఎవరైనా ఉంటే క్యాషియర్ వాళ్లతోనే మాట్లాడుతుంది, డబ్బిచ్చేది కుర్చీలో ఉన్న మనిషే అయినా. అందులో అమర్యాద ఉందని నేననుకోను. బల్ల అంత ఎత్తున ఉన్నప్పుడు చూపు ఎదురుగా ఉన్న ముఖం మీదే పడుతుంది, మాట చూపు వెంటే పోతుంది.

మన ఊళ్లలో పాత బట్టల కొట్లలో ఈ గొడవ ఉండేది కాదు. తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద షావుకారూ, కొనడానికి వచ్చినవాళ్లూ ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. గల్లాపెట్టె షావుకారు మోకాలి దగ్గర ఉండేది. కాకపోతే ఆ పరుపు దాకా చేరాలంటే వీధిలోంచి నాలుగు మెట్లెక్కాలి. ఆ సంగతి అప్పుడెవరూ పట్టించుకోలేదు.

అమెరికాలో ఏడీఏ అని పిలుచుకునే వికలాంగుల హక్కుల చట్టం మీద అప్పటి అధ్యక్షుడు పెద్ద బుష్ 1990 జూలై 26న సంతకం చేశాడు. అంతకు నాలుగు నెలల ముందు, మార్చి 12న, బిల్లు నత్తనడక నడుస్తోందని కొందరు వికలాంగులు తమ కుర్చీలూ చేతికర్రలూ కిందే వదిలేసి వాషింగ్టన్‌లో కాంగ్రెస్ భవనం మెట్లు పాకుతూ ఎక్కారు. ప్రభుత్వ కార్యాలయాలతో పాటు ప్రైవేటు షాపులూ హోటళ్లూ సినిమా హాళ్లూ కూడా ఈ చట్టం కిందికి వస్తాయి. కొలతలు తేల్చే పని యాక్సెస్ బోర్డు అనే చిన్న సంస్థది. 1973 నాటి పునరావాస చట్టంతో పుట్టిన బోర్డు అది. 1991లో తొలి ప్రమాణాలొచ్చాయి. 2004లో బోర్డు వాటిని సవరించింది, 2010లో న్యాయశాఖ ఆమోదించింది, 2012 మార్చి 15 నుంచి కొత్త కట్టడాలకు ఆ సవరించిన కొలతలే కొలతలు.

కౌంటరు కన్నా ముందు నేల చూడాలి. 30 అంగుళాల వెడల్పు, 48 అంగుళాల పొడవు ఉన్న ఖాళీ జాగా కావాలంటుంది 305వ విభాగం. ఇందాకటి బొమ్మలో కుర్చీ పొడవు 42 అంగుళాలే. పాదాలు ముందుకు పొడుచుకు వస్తాయి కాబట్టి మరో 6 అంగుళాలు కలిపారు. ఆ జాగాలో మెట్టు గానీ గడప గానీ ఉండకూడదు. వాలు 48కి 1 దాటకూడదు. రెండు చేతులతో పర్సులో కార్డు వెతుక్కుంటున్నప్పుడు కుర్చీ తనంతట తాను జారిపోకుండా ఉండాలంటే నేల దాదాపు చదునుగా ఉండాలి మరి.

ఈ జాగాలోకి కుర్చీ రెండు రకాలుగా రావచ్చు. కౌంటరుకు పక్కవాటుగా వచ్చి ఆగడం ఒకటి, నేరుగా ఎదురుగా రావడం ఇంకొకటి. పక్కవాటుగా అయితే తగ్గించిన బల్ల పొడవు కనీసం 36 అంగుళాలుండాలి. ఎదురుగా అయితే కుర్చీ వెడల్పుకు సరిపడా 30 చాలు. కానీ అప్పుడు బల్ల కింద మోకాళ్లకు చోటు వదలాలి. నన్ను కట్టిపడేసింది ఈ మోకాళ్ల చోటు లెక్కే. అది 306వ విభాగంలో ఉంది. కాగితం మీద గీసుకుంటే తప్ప దాని అందం తెలీదు.

నేల నుంచి 9 అంగుళాల ఎత్తు దాకా ఉన్నది పాదాల చోటు. 9 నుంచి 27 దాకా మోకాళ్ల చోటు. ఆ 27 ఎక్కడిదో ఇప్పటికే చూశాం, బొమ్మలో ఒడి ఎత్తు. 27 దగ్గర బల్ల కిందికి కనీసం 8 అంగుళాల లోతు కావాలి. 9 దగ్గర కనీసం 11. మధ్యలో పైకి పోయేకొద్దీ ప్రతి 6 అంగుళాల ఎత్తుకూ ఒక అంగుళం చొప్పున లోతు తగ్గొచ్చు. ఇప్పుడు లెక్క కట్టండి. 27లోంచి 9 పోతే 18. ఆరేసి చొప్పున మూడు వాటాలు, అంటే 3 అంగుళాలు. 11లోంచి 3 పోతే 8. పైనా కిందా కొలతలు విడివిడిగా చెప్పినా, వాలు ఇంకోచోట చెప్పినా, మూడూ తలుపు చట్రంలో కూర్చున్నట్టు ఒకదాన్లో ఒకటి అమరిపోయాయి. అక్కడితో ఆగలేదు. పాదాల దగ్గర, మోకాళ్ల చోటు దాటాక మరో 6 అంగుళాలు మాత్రమే లెక్కలోకి వస్తాయంది నిబంధన. 11కు 6 కలిపితే 17. నేల మట్టాన కావలసిన కనీస లోతు అని వేరే వాక్యంలో ఇచ్చిన అంకె కూడా సరిగ్గా 17.

ఈ అంకెల మధ్య గీత గీస్తే ఒక ఆకారం వస్తుంది. పైన మోకాలు, అక్కడి నుంచి కాస్త ముందుకు వాలుతూ కిందికి దిగే పిక్క, కింద పాదపీఠం మీద ముందుకు చాచిన పాదం. కూర్చున్న మనిషి కాలిని పక్కనుంచి చూస్తే కనిపించే గీత అదే. బల్ల కింద గొట్టాలో, అరలో, కంప్యూటరు పెట్టెలో పెట్టుకోవాల్సి వస్తే ఆ గీతకు అవతల పెట్టుకోవచ్చు. అంటే షాపువాడికి పనికొచ్చే చోటు ఒక్క అంగుళం కూడా వృథాగా లాక్కోలేదు. నలుచదరంగా ఇంత ఖాళీ వదలండి అని రాసేస్తే రాసేవాళ్లకు సులువయ్యేది. వీళ్లు కాలు ఎంత మేర ఉందో అంత మేరే అడిగారు.

ఇలాంటి కొలతలు ఒక్క రోజులో తేలలేదు. అమెరికాలో ఈ రకం తొలి జాతీయ ప్రమాణం 1961లో వచ్చింది. దాని వెనక ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో టిమోతీ న్యూజెంట్ చేసిన పనుంది. 1970లలో సిరక్యూస్‌లో ఎడ్వర్డ్ స్టైన్‌ఫెల్డ్ బృందం నిజంగా చక్రాల కుర్చీలు వాడేవాళ్లను పిలిచి, కుర్చీ తిప్పించి, చేతులు చాపించి కొలిచింది. 1980 నాటి ప్రమాణానికి ఆ కొలతలే ఆధారం.

ఇక షాపు యజమానికి సందు దొరకనివ్వని షరతులు. తగ్గించిన భాగం అడ్డుకొలత మిగతా కౌంటరు అడ్డుకొలతతో సమానంగా ఉండాలని ఒక షరతుంది. చదివేటప్పుడు దాటిపోయేంత చిన్నది. అది లేకపోతే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. పెద్ద కౌంటరును ముట్టుకోకుండా, దాని ముందు వైపున 36 అంగుళాల ఎత్తులో అరచేయంత పలక ఒకటి బిగించి, ఇదిగో తగ్గించాం అనేవాళ్లు. దాని మీద సంతకం పెట్టొచ్చు గానీ సరుకు అటు నుంచి ఇటు రాదు. క్యాషియర్ పెద్ద బల్ల మీదుగా వంగి సంచీ కిందికి అందించాలి. అడ్డుకొలత మొత్తం తగ్గితేనే ఇద్దరి చేతులూ ఒకే బల్ల మీదికి వస్తాయి.

1991 ప్రమాణాల్లో ఇంత బిగింపు లేదు. గల్లా లేని కౌంటర్ల దగ్గర, అంటే హోటల్ రిసెప్షన్ లాంటి చోట్ల, తగ్గించిన భాగానికి బదులు మడిచే పలక బిగించినా సరిపోతుందని, సామాను పక్క నుంచి అందించుకోవచ్చని ఉదాహరణగా రాశారు. మడిచే పలక వాడకంలో ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఒకరొచ్చి అడిగితే తప్ప విప్పరు. విప్పబోతే కీలు బిగుసుకుపోయి ఉంటుంది, లేదా దాని ముందు అట్టపెట్టెలు పేర్చి ఉంటాయి. 2010లో ఆ వెసులుబాటు తీసేశారు. తగ్గించిన భాగం కౌంటరులో అంతర్భాగమైంది, ఎవరినీ అడగక్కర్లేదు.

ఇంకో షరతు 227వ విభాగంలో ఉంది. ఒక్కో రకం కౌంటరులో కనీసం ఒక్కటైనా ఇలా ఉండాలి. పెద్ద షాపులో అమ్మకం కౌంటరు వేరు, వాపసు వేరు, మందుల కౌంటరు వేరు, నగల కౌంటరు వేరు. గుమ్మం దగ్గరున్న ఒక్కదాన్ని తగ్గించేసి మిగతా పనులకూ అక్కడికే రమ్మంటే కుదరదు. ఒకే రకం కౌంటర్లు భవనంలో అక్కడక్కడ ఉంటే, తగ్గించినవి కూడా అలాగే అక్కడక్కడ ఉండాలి.

సూపర్ మార్కెట్లలో బిల్లు వేయించుకునే వరసల లెక్క వేరు. అక్కడ సరుకు బెల్టు మీద నడుస్తుంది కాబట్టి ఎత్తు 38 అంగుళాల దాకా ఒప్పుకున్నారు. సరుకు దొర్లిపోకుండా పెట్టే అంచు పైబల్ల కన్నా 2 అంగుళాలు మించకూడదు. నాలుగు వరసల దాకా ఉంటే ఒకటి, ఎనిమిది దాకా రెండు, పదిహేను దాకా మూడు, ఆపైన ఉన్నవాటిలో అయిదో వంతు అదనం. ఈ లెక్కలో నాకంత గొప్ప కనిపించలేదు. గొప్పంతా దానికి జతగా న్యాయశాఖ నియమాల్లో రాసినదాన్లో ఉంది. ఇలా కట్టిన వరసలు షాపు తెరిచి ఉన్నంతసేపూ సరిపడా తెరిచి ఉంచాలి. కట్టి, గొలుసు అడ్డం వేసి ఉంచితే కట్టినట్టు కాదు. పైగా, అలాంటి వరస ఒక్కటే ఉండి, అది కాస్త సరుకే కొన్నవాళ్ల కోసం పెట్టిన ఎక్స్‌ప్రెస్ వరస అయిందనుకోండి. చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లు ఎంత సరుకు కొన్నా అక్కడే బిల్లు వేయించుకోనివ్వండి, అదీ ఒక మార్గమే అని ఆ నియమం ఉదాహరణ ఇస్తుంది. బండినిండా సరుకుతో ఎక్స్‌ప్రెస్ వరసలో నిలబడితే వెనకవాళ్లు ఎలా చూస్తారో తెలిసినవాళ్లు రాసిన వాక్యం అది.

2010లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ముందుకు ఒక కేసొచ్చింది. చిపోట్లే అనే తిండి దుకాణాల గొలుసులో మనం వరసగా నడుస్తూ, అద్దం వెనక గిన్నెల్లో ఉన్నవి చూస్తూ, అది వెయ్యి, ఇది కాస్త తగ్గించు అంటూ ఉంటే కళ్ల ముందే కట్టిస్తారు. శాన్‌డియాగో ప్రాంతంలోని వాళ్ల షాపుల్లో ఆ గిన్నెల ముందు ఒక గోడ ఉండేది. చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషికి అవతల ఏముందో ఆ గోడ కనపడనిచ్చేది కాదు. అడిగితే పదార్థాల నమూనాలు చెంచాల్లోనూ చిన్న గిన్నెల్లోనూ తెచ్చి చూపిస్తామంది కంపెనీ. కోర్టు ఒప్పుకోలేదు. ఎంచుకుంటూ, చేస్తుండగా చూస్తూ కొనుక్కోవడం ఆ షాపు అమ్మే సరుకులో భాగమే, చెంచాలో నమూనా దానికి సాటి రాదంది. కౌంటరు ఎత్తు చెయ్యి అందడానికే కాదు, కంటికి ఆనడానికి కూడా అని అంత సూటిగా చెప్పిన తీర్పు నాకు ఇంకోటి తెలీదు.

ఇంత మెచ్చుకున్నాక లోపాలు చెప్పకపోతే బాగుండదు. పక్కవాటు పద్ధతిని ఎదురు పద్ధతితో సమానంగా ఒప్పుకోవడం నాకు నచ్చదు. పక్కవాటుగా ఆగిన మనిషి ప్రతి మాటకూ మెడ తిప్పాలి, సంతకానికి నడుం మెలి తిప్పాలి. మెడా నడుమూ తిరగని జబ్బున్నవాళ్లు కుర్చీల్లో తక్కువేం లేరు. మోకాళ్ల చోటు వదలడం కన్నా బల్లను ఒకచోట తగ్గించడం చవక కాబట్టి షాపులు పక్కవాటునే ఎంచుకుంటాయి. అంత ముచ్చటగా లెక్క కట్టిన 306వ విభాగం చాలా షాపుల్లో పుస్తకంలోనే ఉండిపోతుంది.

36 అనే అంకె కూడా కొంచెం ఉదారమైందే, షాపువాడి వైపున. అదే పుస్తకంలో 308వ విభాగం, పక్కవాటుగా ఉన్న మనిషి దేని మీదుగానైనా చెయ్యి చాచాల్సి వస్తే ఆ అడ్డు ఎత్తు 34 అంగుళాలు మించకూడదంటుంది. బట్టలుతికే మిషన్లకు మాత్రం 36 దాకా మినహాయింపు. మరి కౌంటరు మీదుగా అవతలున్న కార్డు మిషను అందుకోవడం చెయ్యి చాచడం కాదా? కాలిఫోర్నియా ఈ తేడా గమనించిందో ఏమో, తన రాష్ట్ర భవన నియమావళిలో కౌంటరు ఎత్తును 34కే కట్టేసింది.

కార్డు మిషన్ల సంగతి అటుంచితే, తగ్గించిన బల్లకు అసలు శత్రువు చూయింగ్ గమ్. షాపుల్లో ఖాళీగా కనిపించే ప్రతి జాగా అమ్మకానికి పనికొస్తుంది. తగ్గించిన ఆ మూడడుగులూ రోజులో ఎక్కువసేపు ఖాళీగా ఉంటాయి కాబట్టి అక్కడికి ముందు లాటరీ టిక్కెట్ల స్టాండు వస్తుంది, తరవాత బ్యాటరీలు, పండగలకు చాక్లెట్ల బుట్ట. అందుబాటు కోసం కట్టినవాటిని పనికొచ్చే స్థితిలో ఉంచాలని నియమాల్లో వేరే సెక్షను ఉంది. అయినా బల్ల మీద ఎంత మేర ఖాళీగా ఉండాలన్నది మాత్రం 904.4లో సూటిగా రాయలేదు. కాలిఫోర్నియా కోర్టుల్లో దీని మీద వాదనలు నడిచాయి. ఇంత జాగ్రత్తగా సందులు మూసినవాళ్లు ఈ ఒక్కటీ ఎలా వదిలారా అనిపిస్తుంది.

కుర్చీలు కూడా అప్పటివి కావు. మోటారు కుర్చీలు పెరిగాయి, పొడవూ పెరిగింది. స్టైన్‌ఫెల్డే తరవాత బఫెలోలో ఇంకో పెద్ద కొలతల అధ్యయనం నడిపాడు. 2017లో సవరించిన జాతీయ ప్రమాణం కొత్త భవనాల్లో ఖాళీ నేల పొడవును 48 నుంచి 52 అంగుళాలకు పెంచింది. ఏడీఏ పుస్తకం ఇంకా 48 దగ్గరే ఉంది. ఇక కౌంటరుకు అవతలి వైపు, అంటే చక్రాల కుర్చీలో ఉన్న మనిషే క్యాషియర్ అయితే ఎలా అన్న ప్రశ్నకు ఈ ప్రమాణాలు దాదాపు ఏమీ చెప్పవు. ఉద్యోగి పనిచేసే చోటికి రాగలగాలి, పోగలగాలి, అంతే. మిగతాది ఉద్యోగి అడిగితే యజమాని చెయ్యాల్సిన సర్దుబాట్ల కింద వదిలేశారు. కొనేవాడుగానే తప్ప అమ్మేవాడుగా ఆ మనిషిని ఊహించుకోలేదన్నమాట.

మన దేశం మాటకొస్తే కొలతల కొరత లేదు. కేంద్రం 2016లోనూ 2021లోనూ అందుబాటు మార్గదర్శకాలు వెలువరించింది. అందులో కౌంటరుకు అమెరికా అంకె కన్నా తక్కువ ఎత్తు, కింద మోకాళ్లకు చోటు, రెండూ అడిగారు. కొలతల్లో మనమే మెరుగు అనొచ్చు. చిక్కు వేరేచోట ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఇవన్నీ తప్పనిసరి అంటే, దాని కింద 2017లో చేసిన 15వ నియమం ఆ మార్గదర్శకాలను చూపించి ఊరుకుంది. ఆ మార్గదర్శకాల్లో చాలామటుకు సలహాలే. చేస్తే మంచిదనే ధోరణి. రాజీవ్ రాటూరి కేసులో సుప్రీంకోర్టు దేశంలో పరిస్థితి చూసి చెప్పమని హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయంలో వికలాంగుల అధ్యయన కేంద్రాన్ని అడిగింది. ఆ నివేదిక చూశాక 2024 నవంబర్ 8న, 15వ నియమంలోని మొదటి భాగం చట్టానికే విరుద్ధమని కొట్టేసింది. తప్పనిసరిగా ఉండాల్సినవి ఏవో విడదీసి మూడు నెలల్లో నియమాలు రాయమని కేంద్రాన్ని ఆదేశించింది. 904.4 రాసినవాళ్ల పనితనం విలువ ఈ తీర్పు చదివితే ఇంకా బాగా తెలుస్తుంది. వాళ్లు కోరికలూ ఆదేశాలూ ఒకే సంచీలో కలపలేదు. పాటించాల్సిన మాటలు మూలంలో ఉంచి, సలహాలను పక్కన వేరే గడిలో, ఇది సలహా అని పేరు పెట్టి మరీ వేశారు.

అమెరికాలో గ్యాస్ స్టేషన్లూ, ఇండియన్ గ్రోసరీ షాపులూ, శాండ్‌విచ్ ఫ్రాంచైజీలూ నడుపుకునే తెలుగువాళ్లు తక్కువేం కాదు. వాళ్లకు ఈ నిబంధన తరచు లాయరు నోటీసు రూపంలోనే పరిచయమవుతుంది. కాలిఫోర్నియాలో అయితే రాష్ట్ర పౌరహక్కుల చట్టం కింద ఒక్కో ఉల్లంఘనకు కనీసం 4,000 డాలర్ల పరిహారం. భవనం నాది కాదు, అద్దెకున్నాను అంటే నడవదు. అద్దెకిచ్చినవాడూ అద్దెకున్నవాడూ ఇద్దరూ బాధ్యులే. 1990 నవంబర్ 5కు ముందు నుంచి వాడకంలో ఉన్న పాత భవనంలో చిన్న వ్యాపారి ఇలాంటి అడ్డంకి తొలగిస్తే, 250 డాలర్లు దాటిన ఖర్చులో సగం, ఏడాదికి 5,000 డాలర్ల దాకా ఆదాయపు పన్నులో తగ్గింపు దొరుకుతుంది. ఈ సంగతి నోటీసు ఇచ్చిన లాయరు చెప్పడు.

కొత్తగా కౌంటరు చేయించుకునేవాళ్లు ఎదురు పద్ధతినే ఎంచుకోమని నా సిఫారసు. పైగా బల్లను రెండు ఎత్తుల్లో విరిచే బదులు మొత్తం 34 దగ్గరే కట్టించుకుంటే ఇంకా మంచిది. అప్పుడు తగ్గించిన ముక్క అంటూ వేరే ఉండదు కాబట్టి దాని మీద చూయింగ్ గమ్ చేరే ప్రమాదమూ తక్కువ. క్యాషియర్ కూడా స్టూలు వేసుకుని కూర్చోవచ్చు. బల్ల 34లో ఉండి, మోకాళ్ల చోటు 27 దాకా పోతే, మధ్యలో 7 అంగుళాలు మిగులుతాయి. అందులోనే చెక్క మందం, గల్లాపెట్టె, వైర్లు అన్నీ ఇమడాలి. కాళ్లు పెడితే కుర్చీ వెడల్పుకు అడ్డం వస్తాయి కాబట్టి గోడలోంచో వెనక పెట్టెలోంచో ఇనుప బ్రాకెట్ల మీద బల్లను ముందుకు నిలబెడతారు. బ్రాకెట్ కింది అంచు 27 కన్నా కిందికి దిగితే మోకాలు గీరుకుంటుంది. దిగకపోతే, మనిషి బరువంతా బల్ల అంచు మీద మోపినప్పుడు ఊగకుండా తట్టుకునేంత లావు ఇనుము కావాలి. వడ్రంగి నేర్పు తెలిసేది అక్కడే.

తెలిసిన వడ్రంగి ఇంకో సంగతి కూడా అడుగుతాడు, నేల పని అయిందా అని. పుస్తకంలో ఎత్తులన్నీ పూర్తయిన నేల నుంచే కొలవాలి. కౌంటరు ముందు బిగించి టైల్స్ తరవాత వేస్తే, బల్ల పైకొలతకు ఇబ్బంది లేదు, నేల లేచినంత మేర బల్ల పొట్టిదవుతుంది. మోకాళ్ల చోటుకే దెబ్బ. టైలూ దాని కింది సిమెంటూ కలిసి ముప్పావు అంగుళం లేచినా 27 కాస్తా 26 పైచిలుకు అయిపోతుంది. కట్టుబడిలో మామూలుగా వచ్చే కొద్దిపాటి తేడాలను ప్రమాణాలు మన్నిస్తాయి గానీ, తనిఖీకి వచ్చినవాడు ఎంత మన్నిస్తాడన్నది అతని ఇష్టం. అందుకని పనితెలిసినవాళ్లు అడుగు అంచును 28 దగ్గర బిగించి, టైల్స్ మేస్త్రీ వెళ్లిపోయాక టేపు పట్టుకుని మళ్లీ వస్తారు.